పొగ ఏ దారిన పోతాందో చూసొచ్చినాము

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి, ఆదోని నుంచి హొళగుంద దిక్కుకు పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని మా ఆయన మగ్గం గుంతలో కూసోనే నవ్వినాడు. "కాశీకి పోయినోళ్ళు రాస్తారు. నువ్వు పొయ్యిలు చూసొచ్చి ఏం రాస్తావే?" అన్నాడు. కాశీ సంగతి చెప్పేవాళ్ళు ఊరికి ఇద్దరు ఉంటారు. ఊరి వంటిండ్లలోకి పోయి, పొయ్యి ముందర కూసోని, లేసొచ్చినోళ్ళు ఎంతమంది ఉన్నారు? నేను చదివింది అయిదో తరగతే. కానీ ఒకసారి చూసిన ముఖమూ, ఒకసారి ఇన్న మాటా నన్ను ఇడిచిపోవు. అందుకే రాస్తాండాను.

మొదట పొయ్యి సంగతి చెప్పాల. పందొమ్మిదివందల ఎనభై దాటినాక మా దిక్కు వానలు సరిగ్గా ల్యావు. కంపచెట్లు కూడా కరువైనాయి. అప్పుడే సర్కారోళ్ళు పొగలేని పొయ్యి అని తెచ్చినారు. మట్టిపొయ్యే, కానీ పైన రెండు కండ్లు. ముందర సన్న నోరు. ఆ నోట్లో కట్టె పెడితే మంట రెండు గిన్నెల కిందా పోయి, పొగ వెనకాల గొట్టంలో ఎక్కి మిద్దె పైకి పోతాది. కట్టె సగం చాలంట, ఇంట్లో పొగ ఉండదంట. మట్టిపని తెలిసిన ఆడోళ్ళను కొందరిని పిలిచి నేర్పించినారు. కండెలు చుట్టే చేతులు నావి, అయినా చిన్నప్పట్నుంచి మట్టి నాకు బాగా మాట ఇంటాది. నేనూ నేర్చుకున్యాను.

నేను కట్టిన మొదటి పొయ్యి మా ఈరమ్మక్కకు. ఆ యమ్మ నాకు తోడబుట్టిన అక్క. హొళగుంద దారిలో, మిద్దెలు ఎక్కితే దేవరగట్టు కొండ కనపడే ఊరికి ఇచ్చినాము. రెండేండ్ల నుంచి అక్కకు దగ్గు. ఒక మాట చెప్పేలోపల రెండుసార్లు దగ్గుతాది. ఆదోని డాక్టరు చూసి, "క్షయ కాదమ్మా, పొగ. పొగకు దూరం ఉండు. ల్యాకుంటే ఈ ఊపిరితిత్తులు శానా దినాలు మోయవు" అన్నాడు. పొయ్యి ముందర కూసునే ఆడది పొగకు దూరంగా యాడికి పోతాది? అందుకే నేనే పోయి కట్టించి వచ్చినాను. ఆ తరువాత ఆ దిక్కునుంచి ఎవరొచ్చినా అడిగేదాన్ని. "బాగుండాది, నీ పొయ్యి బాగుండాది" అని అక్క చెప్పంపించేది. దగ్గు తగ్గిందా అని అడిగితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు.

అట్లా ఉన్నప్పుడు శారద మేడం వచ్చింది.

ఎమ్మిగనూరు బస్టాండు

శారద మేడం గుంటూరు దిక్కు మనిషి. సన్నగా, ఎండకు ముఖమంతా ఎర్రగా చేసుకోని, భుజానికి గుడ్డసంచి తగిలించుకోని ఉండింది. కట్టిన పొయ్యిల్లో వెలిగేవి ఎన్ని అని చూసి రమ్మని పైనోళ్ళు పంపించినారంట.

"కట్టినవి ఎన్నో ఆఫీసులో రాసే ఉంది సుంకమ్మా. వెలిగేవి ఎన్నో ఎవరికీ తెలియదు. నాకు ఆ పల్లెలు తెలియవు. నువ్వు తోడు వస్తావా?" అనింది.

నేను అడిగినాను, "మా పొయ్యిలు ఎలిగితే ఢిల్లీవాళ్ళకు ఏం మేడం?"

"ఢిల్లీయే కాదు, దేశాలన్నీ ఇదే అడుగుతున్నాయి. అడవులు తరిగిపోతున్నాయి, గాలి పాడవుతోంది, వానలు తప్పుతున్నాయి. బాగుచేస్తామని అందరూ పెద్ద మాటలు చెప్పారు. చెప్పినదాంట్లో ఎంత అయిందో చూడాలంటే, ఇదిగో, ఇట్లా ఎవరో ఒకరు బస్సెక్కి పోయి చూడాలి" అని నవ్వింది.

నాకు దేశాల సంగతి ఎందుకు? ఆ దారిలో మా అక్క ఊరుంది. సంచిలో ఒక చీర, అక్కకు ఇన్ని బెల్లం ఉంటలు పెట్టుకోని బస్సెక్కినాను.

బస్సులో తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన మమ్మల్ని, మేడం సంచిని చూసి, మెల్లగా ముందు సీటుకు జరిగిపోయినాడు. కొంచెంసేపటికి వెనక్కి తిరిగి, "యమ్మా, మీరు పిల్లల ఆపరేషనోళ్ళా?" అన్నాడు.

"కాదప్పా, పొయ్యిలోళ్ళం" అన్నాను.

"అట్లయితే కూసోవచ్చు" అని మళ్ళా మా పక్కకు వచ్చినాడు. మేడం కిటికీ దిక్కు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఆదోని దారిలో సగందూరం నవ్వింది.

పేరు రాయని ఊరు

నడిమధ్యలో ఒక ఊర్లో దిగినాము. ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఆ యమ్మ నొచ్చుకుంటాది.

ఊర్లోకి పోతానే నాకు కడుపు నిండిపోయింది. ప్రతి మిద్దె మీదా గొట్టమే. మనుషులు చెయ్యెత్తి నిలబడినట్టు ఉన్నాయి. మాకన్నా ముందు ఎవరో జీపులో వచ్చి, దిగకుండానే గొట్టాలు లెక్కబెట్టుకోని పోయినారని రచ్చకట్టమీద కూసున్నోళ్ళు చెప్పినారు. అన్నీ ఉన్నాయని రాసుకున్నారంట.

మొదటి ఇంట్లో పొయ్యి చూస్తే ఇంకా సంతోషం. ఎర్రమన్ను అలికి, సున్నంతో గీతలు తీసి, నాలుగు మూలలా బొట్లు పెట్టింది ఆ యమ్మ. పెండ్లికూతురి మాదిరి ఉండింది పొయ్యి. "చూడండి మేడం, ఎంత బాగా పెట్టుకుందో!" అన్నాను. మా దిక్కు కొత్త వస్తువు ఏది ఇంట్లోకి వచ్చినా మొదట బొట్టు పెడతాము. మగ్గమైనా, దున్నే మడకైనా, రోలైనా. నాకు అది మామూలుగానే తోచింది.

మేడం వంగి, పొయ్యి నోట్లోకి టార్చిలైటు వేసింది.

లోపల్నుంచి ఒక పెట్ట అరుచుకుంటా ఎగిరి మేడం ముఖం మీదికే వచ్చింది! మేడం వెనక్కి పడింది. టార్చి యాడికో దొర్లిపోయింది. పెట్ట ఇల్లంతా ఈకలు రాల్చి, అటక మీదికెక్కి మమ్మల్ని తిట్టబట్టింది. చూస్తే పొయ్యి లోపల వరిగడ్డి, గడ్డిలో గుడ్లు.

ఇంటామె పరుగెత్తుకోని వచ్చి, "అయ్యయ్యో, పొదిగే కోడిని లేపితిరి కదమ్మా! దానికి అంత చల్లగా, చీకటిగా ఉండే చోటు యాడా దొరకల్యా. పిల్లలు లేసినాంక ముట్టిద్దామనుకున్యాను" అనింది.

"కోడి ఎక్కక ముందు?" అని మేడం లేసి చీర దులుపుకుంటా అడిగింది.

ఆ యమ్మ నన్ను చూసి, గోడను చూసి, "అప్పుడు కొత్తది కదా, మసి అవుతాదని..." అనింది.

మాకు నవ్వు ఆగల్యా. ఆ యమ్మా నవ్వింది. మజ్జిగ ఇచ్చింది, వేయించిన వేరుశనగ బుడ్డలు ఇచ్చింది. కానీ ఆ ఊరు దాటేలోపల నా నవ్వు పోయింది. నాలుగిండ్లు చూసినాము. నాలుగు పొయ్యిలూ ముద్దుగా ఉన్నాయి. నాలుగూ చల్లగా ఉన్నాయి. ఒకదాంట్లో ఎర్రగడ్డలు, మీరు ఉల్లిపాయలంటారే అవి, పోసిపెట్టినారు. వంటంతా పెరట్లో, పాత మూడు రాళ్ళ మీద.

నాకు అక్క పొయ్యి గుర్తొచ్చింది. పోయినసారి అక్క ఊరినుంచి వచ్చినోళ్ళు ఏం చెప్పినారు? "బాగుండాది, తళతళమంటాండాది" అన్నారు. తళతళమంటాండాది అంటే నేను అప్పుడు సంతోషపడితిని.

ఆదోని

ఆదోనిలో దిగితే గాల్లో దూదే. పత్తి మార్కెట్టు దినం. ఎద్దుల బండ్లు రోడ్డు చివరిదాకా నిలబడినాయి. కన్నడంలో బేరం మొదలుపెట్టి, ఉర్దూలో గట్టిగా మాట్లాడి, తెలుగులో ముగిస్తారు ఈడ. మేడం చెవులు రెండూ ఒగ్గి ఇంటాండింది.

ఒక సందులో హోటల్లో ఉగ్గాని తిన్నాము. తెలీనోళ్ళకు చెప్తాను. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో నానబెట్టి పిండి, ఎర్రగడ్డలు పచ్చిమిరపకాయలు వేసి తిరగమోత పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. ప్లేటు రూపాయి. మా ఎమ్మిగనూర్లో ఇంకా తక్కువే, కానీ ఆదోనోళ్ళు బజ్జి పెద్దగా వేస్తారు, ఆ మాట ఒప్పుకోవాల. మేడం రెండో ప్లేటు తెప్పించుకోని, కండ్లెమ్మటి నీళ్ళు కార్చుకుంటా తినింది. "మాది గుంటూరు, మాకు కారం కొత్తా?" అంటానే ముక్కు తుడుచుకుంటాది.

హోటలాయన పొయ్యి కూడా చూసినాము. పొట్టుపొయ్యి. డబ్బాలో బుడ్డల పొట్టు దట్టించి నడుమ కన్నం పెట్టినాడు. "ఇదీ పొగ ల్యాదు గదా అన్నా?" అని నేను అడిగితే, "నిప్పు ఎట్లా కావాలంటే అట్లా ఉంటే మనిషి దాన్ని ఇడిచిపెట్టడమ్మా. ఉండకపోతే మొగుడు చెప్పినా ఇనడు, మంత్రి చెప్పినా ఇనడు" అన్నాడు.

ఆ రాత్రి మా మేనత్త ఇంట్లో పడుకున్నాము. మేడంకు నిద్ర పట్టినట్టు ల్యాదు. నాకూ అంతే. తెల్లారి బస్సెక్కేటప్పుడు నేను మెల్లగా అడిగినాను, "మా అక్క ఇంట్లో కూడా కోడి ఉంటే మీరు రాసుకుంటారా మేడం?"

"చూసింది రాస్తాను సుంకమ్మా" అనింది. గట్టిగా అన్ల్యా, కానీ మెత్తగా కూడా అన్ల్యా.

మిద్దె మీద

రెండు బస్సులు మారి, ఒకటి చెడిపోయి, మేం అక్క ఊరు చేరేపాటికి పొద్దు వాలింది. అక్క వాకిట్లోనే ఎదురొచ్చింది. బాగా సన్నబడింది. "ఏమ్మే... ఇన్ని దినాలకు... దారి తెలిసిందా నీకు?" అని మాటకొకసారి దగ్గుకుంటా నన్ను కరుచుకుంది. మేడంను చూసి, "ఈ మేడమమ్మకు అన్నమన్నా... పెడ్తివా, గాలికే తోలుకొస్తివా?" అనింది.

మా బావ మంచం వాల్చినాడు. బావ నుదుట పెద్ద మచ్చ ఉంటాది. దసరాకు దేవరగట్టులో కట్టెలతో తలలు పగలగొట్టుకునే కట్టెలాట ఆడి తెచ్చుకున్నది. పసుపు అద్దుకోని మళ్ళా ఏడాదీ పోయినాడు. మేడం ఆ మచ్చనే చూస్తాంటే, "దేవుడు పెట్టిన బొట్టమ్మా" అన్నాడు. "దేవుడు కాదు, పక్కూరి బసప్ప" అనింది అక్క.

వంటింట్లో నా పొయ్యి చూసినాను. ఎర్రమన్ను, సున్నం గీతలు, పసుపూ కుంకుమా. తళతళమంటాండాది.

"వండుతాండావా అక్కా దీని మీద?" అన్నాను.

"వండకపోతే ఏం జేస్తాను మే? బాగుండాది. పొగే ల్యాదు" అనింది. నన్ను చూడకుండా చేట తీసుకోని పెరట్లోకి పోయింది.

మేడం, "కొంచెం గాలికి మిద్దెక్కుదాం" అనింది. నిచ్చెన ఎక్కినాము. దూరంగా దేవరగట్టు కొండ నల్లబడతాండాది. ఊర్లో వంటలేళ. మేడం ఏమీ రాసుకోకుండా నిలబడి చూసింది. నేనూ చూసినాను. మిద్దె మిద్దెకూ గొట్టం. గొట్టాలు అన్నీ ఆకాశం దిక్కు ఒట్టిగా నోరు తెరుచుకోని ఉన్నాయి. పొగ మాత్రం మిద్దెల నడుమ వెలుతురుకు పెట్టిన గవాచీల్లోంచి, పెరండ్లలోంచి, చూర్ల కిందనుంచి లేస్తాండాది. యాడో నాలుగైదు గొట్టాల్లోంచి సన్నగా వచ్చింది. అంతే.

మా కాళ్ళ పక్కనే అక్క ఇంటి గొట్టం. చెయ్యి పెట్టినాను. చల్లగా ఉండింది. వెనక పెరట్లోంచి పత్తికట్టె పొగ దట్టంగా లేసింది. ఆ పొగలోంచి అక్క దగ్గు ఇనపడింది. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా దగ్గింది. మేడం నా భుజం మీద చెయ్యేసింది.

గడ్డపార

కిందికి దిగి పెరట్లోకి పోయినాను. అక్క మూడు రాళ్ళ ముందర, ఊదుగొట్టం చేత్తో, కండ్లు ఎర్రగా. నాకు కోపమొచ్చింది.

"ఎందుకు అబద్దం చెప్పినావక్కా? నీ కోసమే కదా కడితిని!"

"నువ్వు కట్టినావు కాబట్టే!" అని అక్క ఊదుగొట్టం ఇసిరేసింది. "చెల్లెలు కట్టింది పనికిరాదని... నేను నలుగురికి చెప్పాల్నా? సర్కారోళ్ళొచ్చి నీది పనికిరాదని... రాసుకోని పోవాల్నా?"

"పనికిరాకపోవడమేంది?"

"రా. నువ్వే కాల్చు రొట్టె" అనింది.

నేనే కాల్చినాను. నా పొయ్యి ముట్టించి, జొన్నపిండి వేడినీళ్ళతో పిసికి, తట్టి, పెనం పెట్టినాను. ముందు కంటి మీద పెనం నిలబడల్యా. అన్నం గిన్నెకు సరిపోయే కన్ను అది. అక్క ఇంటి పెనం బండి చక్రమంత ఉంటాది, ఆరు మందికి రొట్టెలు కావాల. నడుమ మాడింది, అంచులు పచ్చి. సరే, జొన్నరొట్టె పెనం మీదనే అయిపోదు కదా. దింపి, పొయ్యి నోటికాడ నిప్పులకు ఆనించి నిలబెడితే అప్పుడు పొంగాల. నా పొయ్యికి నోరు యాడుంది? రెండు కట్టెలు పట్టేంత సందు. రొట్టె ఆనించేదానికి చోటే ల్యాదు. అప్పళం మాదిరి గట్టిపడి నా చేతిలో ఇరిగింది.

బావ ఆ ముక్క నోట్లో వేసుకోని, నమిలి, నమిలి, "బాగుండాది మరదలా, కట్టెలాటకు పనికొస్తాది" అన్నాడు.

ఎవరూ నవ్వల్యా. నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో కోటా బియ్యం వచ్చినప్పట్నుంచి అన్నమే ఎక్కువ. సర్కారోళ్ళు ఇచ్చిన అచ్చు తీసుకోని, ఇచ్చినట్టే కట్టినాను. రొట్టె తట్టుకుంటా పెరిగినదాన్ని, పొయ్యి కట్టేటప్పుడు నాకు రొట్టె గుర్తుకే రాల్యా.

మేడం కింద కూసోని ఆ నోటిని చూస్తా ఉండింది. "మా వైపు అన్నమే తింటాం. ఈ అచ్చు గీసిన వాళ్ళూ అన్నమే తినుంటారు" అనింది. "కానీ సుంకమ్మా, ఒక మాట. నోరు పెద్దది చేస్తే, కన్ను వెడల్పు చేస్తే ఇది కొలతలో ఉండదు. కొలతలో లేని పొయ్యిని లెక్కలో రాయకూడదు. ఇది నువ్వు కట్టిన మొదటిది."

అక్క దగ్గింది. దగ్గి, పైట చెరుగుతో నోరు తుడుచుకోని, "ముట్టొద్దు మే. బొట్టు పెట్టినాను దానికి. నీ పేరు పోతాది" అనింది.

"నీ ఊపిరి పోయినాంక నా పేరు ఏం చేసుకుంటానక్కా?" అన్నాను. "బావా, గడ్డపార యాడుంది?"

తెల్లారినాంక పగలగొట్టినాను. బొట్టుకు దండం పెట్టి, మొదటి దెబ్బ నోటి మీదనే వేసినాను. మేడం చీర ఎగదోపుకోని మట్టి తొక్కింది. గాడిద లద్దె కలపాల అంటే మొదట ముక్కు మూసుకుంది, తరువాత తానే పోయి గంపతో తెచ్చింది. వీధిలో ఆడోళ్ళు ఒకరొకరే వచ్చి గోడ పట్టుకోని నిలబడినారు. "నోరు ఇంకొంచెం ఎడల్పు చెయ్యి." "అంత కాదు, పొగంతా ముఖానికే కొడతాది." "ముందర ఒక కట్ట కట్టు, నిప్పులు ఈడికి లాక్కునేదానికి." ఎవరి పెనం వాళ్ళే తెచ్చి కంటి మీద పెట్టి చూసినారు. ఇన్ని మాటలు వీళ్ళ కడుపులో ఉన్నాయని, మొదట కట్టినప్పుడు నాకు తెల్దు. అప్పుడు నేను అడగల్యా. అడక్కపోతే ఎవరు చెప్తారు?

సన్నమంట పెట్టి ఆ దినమంతా ఆరబెట్టినాము. ఆదోనికి పోవాల్సిన మేడం పోకుండా ఉండిపోయింది. మధ్యాన్నం అక్క పుండుకూర పప్పు పెడితే, "ఇది మా గోంగూరే!" అని చుట్టాన్ని చూసినట్టు సంతోషపడింది.

రొట్టెలు

మరుదినం పొద్దున్నే అక్క కూసునింది. మేము మిద్దెక్కల్యా. పొయ్యి పక్కనే, గోడకానుకోని కూసున్యాము. ముట్టిస్తానే నోట్లోంచి కొంత పొగ వచ్చింది. రాల్యా అని చెప్పను. అక్క కట్టెను లోపలికి తోసింది. మంట పెద్దదై, వెనక్కి తిరిగి, గొట్టం గుడగుడమనింది. పొగ ఆ దిక్కు మళ్ళింది.

మొదటి రొట్టె పెనం మీంచి దించి నోటికాడ ఆనించింది. పొంగింది. పూరీ మాదిరి, గుండ్రంగా. అక్క దాన్ని చూసుకుంటానే మేడం చేతిలో పెట్టింది. పైన బుడ్డల పొడి, వంకాయ కూర.

మేడం తింటా తింటా, "సుంకమ్మా, మీ అక్క ఇంటికి ఏం రాయమంటావు? పోయిన లెక్కలో ఉన్న పొయ్యి ఇప్పుడు లేదు. ఇప్పుడున్న పొయ్యి ఏ లెక్కలోనూ లేదు" అనింది.

"చూసింది రాస్తానంటిరి కదా."

"రాస్తాను. ఎందుకు పగలగొట్టారో కూడా రాస్తాను. పైన చదువుతారో లేదో తెలియదు."

అక్క మా మాటలు ఇనడంల్యా. రొట్టె తడుతా, కాలుస్తా, మొదలుపెట్టింది. నా రైక కుట్టినోడు దొంగ అనింది. మా ఆయన ఎందుకు రాల్యా అనింది. బావ బసప్పతో మళ్ళా కలిసి తిరుగుతాండాడని, వానికి బుద్ధి ల్యాదని, ఈయనకు మొదట్నుంచే ల్యాదని చెప్పింది. బావ వాకిట్లోంచి, "ఇనపడతాండాది" అన్నాడు. "ఇనపడాలనే చెప్తాండా" అనింది. మా అమ్మ బతికున్నప్పుడు కొర్రన్నం ఎట్లా వార్చేదో చెప్పింది, పక్కింటి ఎద్దు సంగతి చెప్పింది. రొట్టె మీద రొట్టె లేస్తాండాది, మాట మీద మాట వస్తాండాది. రెండేండ్ల నుంచి దాచిపెట్టినవన్నీ ఒకటేసారి. నేను ఊపిరి బిగబట్టుకోని కూసున్యాను, యాడ ఆగుతాదో, యాడ దగ్గు అందుకుంటాదో అని. మాట ఆగల్యా.

రోడ్డు మీద బస్సు హారన్ ఇనపడింది. నేను సంచి అందుకున్యాను.

"కూసో మే" అనింది అక్క, పిండిచేత్తోనే నా కొంగు పట్టుకోని. "నా మాట ఇంగా అయిపోల్యా."

బస్సు పోయింది. మేం కూసున్యాము.